గ్యాస్ట్రైటిస్ అని రిపోర్ట్ వచ్చాక మళ్లీ ఎన్‌బీఐ ఎండోస్కోపీ ఎందుకు?

మహబూబ్‌నగర్ నుంచి అడిగిన చెల్లెకు. అమ్మకు 54 ఏళ్లు, రెండు నెలల కింద ఎండోస్కోపీలో గ్యాస్ట్రైటిస్ (కడుపు లోపలి పొర వాపు) అని వచ్చింది, అయినా రక్తం తగ్గుతోంది, డాక్టర్ మళ్లీ ఎన్‌బీఐతో, అంటే కాంతి రంగు మార్చి చూసే ఎండోస్కోపీతో, చూద్దామంటున్నారు, ఇది డబ్బుల కోసమేనా అని మీ అనుమానం. నా మాటైతే, చేయించండి.

మాది నల్లగొండ పక్క ఊరు, బత్తాయి తోట. మా నాయినకూ మొదట అదే రిపోర్ట్ వచ్చింది. అక్కడ పైపు లోపలికి పోయి మూడు నిమిషాల్లో బయటికొచ్చింది. గోళీలు వాడితే మంట తగ్గింది. హిమోగ్లోబిన్ మాత్రం 8 దాటలేదు.

హైదరాబాద్‌లో రెండోసారి చేసినప్పుడు ముందే ఏదో తెల్లటి మందు తాగించారు. కడుపులో జిగురు, నురగ పోవాలట. ఆ జిగురు కింద చిన్న మచ్చ దాక్కుంటే ఎంత మంచి మిషనైనా చూపించలేదు. గాలి నింపి మడతలు విప్పి, మూలమూలా కడుగుతూ పావుగంట చూశారు. మామూలు వెలుతురులో నాకు అంతా ఎర్రగానే కనిపించింది. డాక్టర్ పైపు పిడి మీద బటన్ నొక్కగానే తెర రంగు మారింది, అదే ఎన్‌బీఐ. దగ్గరికి పెంచి చూపిస్తే, చుట్టూ ఒక వరసలో ఉన్న సన్న రక్తనాళాలు ఒక్కచోట మాత్రం తెగి, వంకర తిరిగి గోధుమ రంగులో ఉన్నాయి. చుట్టూ గీత గీసినట్టు హద్దు. తెగులు పట్టిన బత్తాయి ఆకు ఈనెలే గుర్తొచ్చాయి నాకు. సైజు 5 మిల్లీమీటర్లు. ముక్క తీసి పంపితే క్యాన్సర్ అని వచ్చింది.

ఎన్‌బీఐ అంటే రంగు మందేమీ కాదు. 415, 540 నానోమీటర్ల దగ్గరి నీలం, ఆకుపచ్చ కాంతినే వాడతారు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని పీల్చుకుంటుంది కాబట్టి పైపొరలోని నాళాలు ముదురుగా తేలతాయి.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. నాయినకు రక్తం తగ్గింది ఆ మచ్చ వల్ల కాదు. అంత చిన్నది మామూలుగా నొప్పీ పెట్టదు, మంటా పెట్టదు. హెచ్ పైలోరీ బ్యాక్టీరియా ఏళ్ల తరబడి ఉండి కడుపు లోపలి పొర పల్చబడింది, ఐరన్ ఒంటబట్టలేదు. అలాంటి పొర మీదే ఈ క్యాన్సర్ ఎక్కువగా పుడుతుంది. అందుకే మీ డాక్టర్ మాట నాకు సబబుగా అనిపించింది.

మచ్చ కింద ద్రవం ఎక్కించి పైకి లేపి, ఎండోస్కోపీతోనే ఒకే ముక్కగా తీసేశారు. పొట్ట కోయలేదు. అంచులు శుభ్రంగా ఉన్నాయని, లోతుకు పోలేదని రిపోర్ట్ వచ్చిన రోజు నాయిన చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాడు. ఇప్పుడు ఏటా చూపిస్తున్నాం.

వెళ్లే ముందు అమ్మ ఏ గోళీలు వాడుతోందో డాక్టర్‌కు చెప్పండి. గ్యాస్ గోళీలు వాడుతుంటే హెచ్ పైలోరీ ఉన్నా పరీక్షలో కనబడకపోవచ్చు. సాధారణంగా రెండు వారాలు ఆపమంటారు, మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. జిగురు పోయే మందు ఇస్తారా, ముక్క తీస్తారా అని కూడా అడగండి. మలం నల్లగా వస్తున్నా, బరువు తగ్గుతున్నా అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా వెళ్లండి.