రెక్కలు అతికించే ముందు: విలన్ బొమ్మ గీస్తున్న మేనల్లుడికి

అల్లుడూ,

నీ వీడియో గేమ్ కోసం గీసిన విలన్ బొమ్మలు చూశాను. గీత బాగా కుదిరింది, మీ అమ్మకి ఫోన్లో చెప్పాను కూడా. కానీ ఏంట్రా ఆ సంత! పన్నెండు రెక్కలు, రెండు కొమ్ములు, కళ్ళల్లోంచి మంట, వాడికంటే పొడుగున్న కత్తి, కత్తి నిండా లాటిన్ అక్షరాలు, పైగా పేరు లూసిఫర్. వీడు ఎక్కడినుంచి పడ్డాడు, ఏం చేసి పడ్డాడు అని అడిగితే "ఆయ్, అది ఇంకా ఆలోచించలేదు మావయ్యా" అన్నావు. ముందు ఆలోచించాల్సింది అదే.

దేవదూత విలన్ అంటే పడినవాడు. ఆ పడడం ఎలా జరిగిందో తేలితే రెక్కలు ఎన్నో, కత్తి ఎంతో, రంగు ఏదో దాని వెనకే తేలతాయి. నేను హైదరాబాదు స్టూడియోల్లో పనిచేసిన రోజుల్లో రెక్కల విలన్లు చాలామంది నా టేబుల్ మీదుగా వెళ్ళారు. క్లయింటుకి ఏదో తక్కువైందనిపించినప్పుడల్లా ఇంకో జత రెక్కలు పెట్టమనేవాడు. వాళ్ళలో ఒక్కడి పేరు కూడా ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు.

కాబట్టి మొదట బైబిలు తెరువు. కోనసీమలో తెలుగు బైబిలు దొరకడం కష్టమేం కాదు, పక్కింట్లో అడిగినా ఇస్తారు. యెషయా గ్రంథం ఆరో అధ్యాయం చదువు. దేవుడి సింహాసనానికి పైగా సెరాపులనే దూతలు ఉంటారు, ఒక్కొక్కరికి ఆరేసి రెక్కలు. రెండిటితో మొహం కప్పుకుంటారు, రెండిటితో కాళ్ళు కప్పుకుంటారు, రెండిటితో ఎగురుతారు. చూశావా, ఎగరడానికి రెండే. మిగతా నాలుగూ దేవుడి ముందు తమని తాము దాచుకోవడానికి. ఇప్పుడు నీ విలన్ని అలాంటి సెరాపు అనుకో. బాస్ ఫైట్, అంటే పెద్ద విలన్‌తో పోరు, మొదట్లో వాడి మొహం రెక్కల చాటునే ఉంటుంది. వాడి ప్రాణం ఎంత మిగిలిందో చూపే హెల్త్ బార్ సగానికి రాగానే ఆ రెండు రెక్కలూ విప్పి మొహం బయటపెడతాడు. ఇక ఎవరి ముందూ తల వంచనని చెప్పేశాడన్నమాట. డైలాగు అక్కర్లేదు, పైగా ఆ రెండు రెక్కలు ఇప్పుడు కొట్టడానికి ఖాళీ అయ్యాయి కాబట్టి ఫైట్ కూడా మారుతుంది.

అందంగా ఉండకూడదు, భయపెట్టాలి అనుకుంటే యెహెజ్కేలు మొదటి అధ్యాయానికి వెళ్ళు. ఒక్కో జీవికి నాలుగు మొహాలు: మనిషి, సింహం, ఎద్దు, గద్ద. పక్కనే చక్రాలు, ఆ చక్రాల అంచుల నిండా కళ్ళు. అంతకంటే వింత బాస్‌ని నువ్వూ నేనూ ఊహించలేం. లూసిఫర్ పేరు మాత్రం వదిలెయ్. యెషయా 14లో ఆకాశం నుంచి పడిన వేకువచుక్క మాట వచ్చేది బబులోను రాజుని ఎద్దేవా చేస్తూ. అది సాతాను కథ అని తర్వాతి కాలం వాళ్ళు చదువుకున్నారు. ఆ పేరు వందల ఆటల్లో అరిగిపోయింది కూడా.

ఇక నువ్వు ఆరాధించే విలన్ సెఫిరోత్ దగ్గరకి వద్దాం. నీ బొమ్మలో పొడుగు కత్తి ఎక్కడిదో నాకు తెలియదనుకున్నావా? వాడి ఆట 'ఫైనల్ ఫాంటసీ 7' 1997లో జపాన్‌లో వచ్చింది. సెఫిరోత్ బొమ్మ తెత్సుయా నొమురా గీశాడు. యూదుల కబ్బాలా సంప్రదాయంలో దైవశక్తి పది రూపాల్లో వెల్లడవుతుందని చెబుతారు, వాటిని సెఫిరోత్ అంటారు. ఆ పేరు ఎవరికి పెట్టారో చూడు: జెనోవా అనే బయటి గ్రహపు జీవి కణాలు ఎక్కించి, ల్యాబులో తయారుచేసిన సైనికుడికి. ఊరంతా వీరుడని కొలిచినవాడు, తన పుట్టుక సంగతి పాత కాగితాల్లో చదివి, నిబెల్‌హైమ్ అనే ఊరు తగలబెట్టి, చివరికి దేవుణ్ణవుతానని బయల్దేరతాడు. వాడు పడడం అక్కడే, ఆ కాగితాల ముందు.

ఆఖరి యుద్ధంలో వాడి రూపం ఒకసారి ఆపి చూడు. నడుం కింద కాళ్ళు లేవు, తెల్లటి రెక్కలున్నాయి. కుడిచెయ్యి ఉండాల్సిన చోట ఒక్క నల్ల రెక్క. వీపు మీద అతికించిన రెక్క కాదది, చెయ్యి పోయి వచ్చిన రెక్క. దేవుడవడానికి మనిషితనం ఎంత ఇచ్చేశాడో ఆ భుజం దగ్గర కనిపిస్తుంది. వీపు మీద ఒంటి నల్లరెక్కతో అందంగా నిలబడే సెఫిరోత్ తర్వాతి ఆటల్లో, సినిమాలో వచ్చినవాడు. పోస్టరుకి అదే బాగుంటుంది, నాకు మాత్రం మొదటిదే గొప్ప. ఆ ఆఖరి యుద్ధానికి నొబువో ఉఎమాత్సు కట్టిన సంగీతంలో కోరస్ లాటిన్‌లో పాడుతుంది. ఆ మాటల్లో చాలావరకు కార్మినా బురానా అనే మధ్యయుగపు కవితల్లోవి. ఆడేవాళ్ళకి అర్థం తెలియకపోయినా గొంతుల బరువు తెలుస్తుంది. నీ కత్తి మీది లాటిన్‌కి ఆ సౌకర్యం లేదు. ఫోను తెరమీద అది గీరుళ్ళలా కనిపిస్తుంది, తీసెయ్.

వాడి కత్తి పేరు మసమునె. ఆ పేరున్న కమ్మరి జపాన్‌లో కామకురా కాలంలో, అంటే 13-14 శతాబ్దాల్లో నిజంగా ఉన్నాడు. ఆయన గురించి ఒక కథ చెప్పుకుంటారు. మురమస అనే ఇంకో కమ్మరి, ఆయనా పోటీపడి తమ కత్తుల్ని పారే నీళ్ళలో నిలబెట్టారట. మురమస కత్తి కొట్టుకొచ్చిన ప్రతి ఆకునీ, చేపనీ నరికేసింది. మసమునె కత్తిని తాకిన ఆకులు చెక్కుచెదరకుండా పక్కకి జరిగి వెళ్ళిపోయాయి. ఏది కోయకూడదో తెలిసిన కత్తే గొప్పదని తీర్పు. నిజానికి ఇద్దరికీ మధ్య సుమారు రెండొందల ఏళ్ళ తేడా ఉంది, కలిసే అవకాశమే లేదు, కథ కథే. శాపం పట్టిన కత్తులని పేరుపడ్డవి మురమసవి. అయినా ఊరు తగలబెట్టినవాడి చేతిలో ఉన్నది మసమునె. ఒకప్పుడు వీరుడన్న సంగతి ఆ కత్తి ఇంకా మోస్తోంది. నీ విలన్‌కి కూడా పుర్రెలు చెక్కిన కత్తి ఇవ్వకు. పడకముందు ఏ కత్తితో కాపలా కాశాడో అదే ఉంచు.

కాపలా అంటే గుర్తొచ్చింది. ఆదికాండంలో ఆదామును వెళ్ళగొట్టాక ఏదెను తోటకి తూర్పున కెరూబులనే దూతల్నీ, అన్ని దిక్కులా తిరిగే ఖడ్గజ్వాలనీ పెడతాడు దేవుడు. ఆ కత్తి ఫలానావాడి చేతిలో ఉందని అక్కడ లేదు. దానంతట అది తిరుగుతోంది. బాస్ గది గుమ్మంలో పెట్టుకో, రెక్కలవాడు కనపడకముందే ఆటగాడికి చెమట పడుతుంది.

ఆయుధాల విషయంలో నాకు అన్నిటికంటే నచ్చేది హనోకు గ్రంథం. మన బైబిల్లో ఉండదు, ఇథియోపియా ఆర్థడాక్స్ చర్చి మాత్రం లేఖనాల్లో ఉంచుకుంది. రెండొందల మంది దేవదూతలు హెర్మోను కొండ మీద దిగుతారు, మనుషుల ఆడపిల్లల్ని పెళ్ళాడతారు. వాళ్ళలో అజాజేలు మనుషులకి కత్తులు, డాళ్ళు, కవచాలు చెయ్యడం నేర్పుతాడు. నగలు, కళ్ళకి పెట్టుకునే కాటుక కూడా వాడి పాఠాలే. వాడి పాపం చంపడం కాదురా, నేర్పడం. శిక్షగా రఫాయేలు వాణ్ణి కాళ్ళూ చేతులూ కట్టి, ఎడారిలో గుంటలో పడేసి, రాళ్ళు కప్పి, వెలుగు చూడకుండా మొహం కప్పేస్తాడు. సెరాపు మొహం తానే కప్పుకున్నాడు, వీడి మొహం బలవంతంగా కప్పారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుంటే నీ విలన్‌కి సగం కథ వచ్చేస్తుంది. ఇంకా చూడు, ఆటగాడు మొదటి లెవెల్ నుంచీ సంపాదించుకున్న ప్రతి కత్తీ వాడు నేర్పిన విద్యే అయితే? ఆఖరికి వాడి ముందు నిలబడి వాడి ఆయుధంతోనే వాణ్ణి కొట్టాలి. 2011లో వచ్చిన 'ఎల్ షద్దాయ్' ఆటలో హనోకే హీరో. శత్రువు దగ్గర లాక్కున్న ఆయుధం వాడేకొద్దీ మలినమవుతుంది, ఆగి శుద్ధి చేసుకోవాలి. పురాణం బటన్‌లోకి వచ్చిందంటే అదీ. ఇంగ్లీషు కవి మిల్టన్ 1667లో అచ్చయిన తన 'ప్యారడైజ్ లాస్ట్' కావ్యంలో ఫిరంగిని కనిపెట్టినవాడు సాతానే అని రాశాడు, అది కూడా ఈ దారిదే.

2014లో వచ్చిన 'డయాబ్లో 3' ఆట విస్తరణలో విలన్ మాల్థయేల్ ఒకప్పుడు జ్ఞానానికి ప్రధానదూత. మనుషుల్లో సగం రాక్షసాంశ ఉంది కాబట్టి రాక్షసజాతి పోవాలంటే మనుషులూ పోవాలని లెక్క వేస్తాడు. తలముసుగులో మొహం లేదు, చేతుల్లో రెండు కొడవళ్ళు. పంట కోసేవాడి పనిముట్టు, వాడి తర్కానికి సరిగ్గా సరిపోయింది.

రెక్కల పని గురించి ఒక్కటి. మీ పొలంలో దమ్ము చేసేటప్పుడు ట్రాక్టరు వెనకాల తెల్లకొంగలు దిగుతాయి కదా, ఫోన్లో స్లో మోషన్ పెట్టి తియ్యి. రెక్కంటే చెయ్యే: భుజం, మోచెయ్యి, మణికట్టు అన్నీ ఉంటాయి. దిగే ముందు రెక్కలు పైకెత్తి వెనక్కి విరుస్తుంది, కాళ్ళు ముందుకి చాపుతుంది, చివరి ఈకలు వేళ్ళలా విడిపోతాయి. ముడిచాక రెక్క మూడు మడతలై ఒంటికి అతుక్కుంటుంది. నీ పన్నెండు రెక్కలకి పన్నెండు భుజాలు కావాలి, వీపు మీద అంత చోటు ఎక్కడుంది? రిగ్ చేసేవాడు, అంటే బొమ్మ కదలడానికి లోపల ఎముకలు అమర్చేవాడు, నీ మిత్రుడే కాబట్టి ఊరుకున్నాడు. ఆరు చాలు, అందులో నాలుగు ముడిచే ఉంటాయి.

ఇంకో దారి కూడా ఉంది, మనవైపుది. జయవిజయులు వైకుంఠ ద్వారపాలకులు. సనకాదుల్ని గుమ్మంలో ఆపి శాపం తిన్నారు. భక్తులుగా ఏడు జన్మలా, శత్రువులుగా మూడా అంటే తొందరగా స్వామి దగ్గరకి రావచ్చని మూడే కోరుకున్నారు. లూసిఫర్ తిరగబడి పడ్డాడు, వీళ్ళు ఇంటికి పోవాలని శత్రువులయ్యారు. చావడానికి తొందరపడే విలన్! వాళ్ళలో ఒకడు హిరణ్యాక్షుడిగా పుట్టాడు. ఆ హిరణ్యాక్షుడి కొడుకు రక్తవిలోచనుడి కథ మన అంతర్వేది స్థలపురాణంలోనే ఉంది. వాడి రక్తం ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది వాడిలాంటి రాక్షసులు పుడతారని శివుడి వరం. నరసింహస్వామి చక్రంతో కొట్టినా లాభం లేకపోయింది. మాయాశక్తి నాలుక చాపి రక్తం నేల తాకకుండా పట్టాకే వాడు చచ్చాడు. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే ఆ ఇసుకలో నిలబడి ఈ ఫైట్ ఊహించుకో. కొట్టిన ప్రతి దెబ్బకీ శత్రువులు పెరుగుతారు. కత్తి పెద్దదైతే నష్టమే ఎక్కువ. ముందు నేల కప్పే ఉపాయం చూసుకోవాలి.

అయితే ఈ రెండు దారులూ ఒకే బొమ్మలో కలపకు, సెరాపు రెక్కలకి హిరణ్యాక్షుడి గద పెడితే ఎవరి కథా నిలబడదు. జనం పూజించే దేవుణ్ణి ఆటలో ఆయుధంగానో బాస్‌గానో పెట్టకు, ఆ వరం లాంటి ఉపాయం తీసుకుని పేరు వేరే పెట్టుకో. 2012లో 'స్మైట్' ఆటలో కాళీమాతని పెట్టినందుకు హిందూ సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. దేవదూతల వైపు వెళితే స్కెచ్ ఒకసారి మీ వీధిలో సండే స్కూలు చెప్పే మాస్టారికి చూపించు. ఆయన వాక్యం తప్పయితే పట్టుకుంటారు, నీ గూగుల్ పట్టుకోదు.

ఆదివారం లోపు రంగులు, మంటలు, మొహం ఏమీ లేకుండా నల్లటి నీడ బొమ్మ ఒక్కటి పంపు, బొటనవేలి గోరంత సైజులో. దానికింద రెండు వాక్యాలు: వీడు ముందు ఏ పని చేసేవాడు, ఎందుకు మానేశాడు. అవి చూసి కత్తి సంగతి మాట్లాడదాం.

నీ మావయ్య