అమ్మలుకు, పూరీ ప్రయాణం గురించి

విజయనగరం
ఆదివారం మధ్యాహ్నం

అమ్మలూ,

నిన్న సాయంత్రం మీ అమ్మ ఫోన్ చేసింది. ముక్కు చీదుతూ, "అక్కా, ఇది పన్నెండు మంది ఆడవాళ్ళను వెంటేసుకుని పూరీ, చిలికా వెళుతుందట. ఒక్క మగతోడు లేదు. నీ మాటయితే వింటుంది, మానుకోమని చెప్పు" అంది. సరే చెబుతానన్నాను. అబద్ధమే ఆడాను. ఫోన్ పెట్టేశాక ఖాళీ ఇంట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. పూరీ అన్న మాట ఒక్కటి విన్నందుకే. ఎందుకో ముందుకు చదివితే తెలుస్తుంది.

ఒకే ఆఫీసు వాళ్ళను కాకుండా బ్యాంకు నుంచి ఇద్దరిని, బడి నుంచి నలుగురిని, సచివాలయం నుంచి, ఆసుపత్రి నుంచి ఒక్కొక్కరిని పోగుచేశావట. మాదీ అలాంటి జట్టే. టెలిఫోన్ ఎక్స్ఛేంజీ నుంచి నేనూ ఇంకొక ఆపరేటరూ, ఒక లెక్కల టీచరు, ఒక నర్సు, తాలూకా ఆఫీసు టైపిస్టు, ఇలా పద్నాలుగు మందిమి. నెలకు ఒకసారి, రెండో శనివారం, మూడు లాంతర్ల దగ్గర ఒకరి మేడ మీద గదిలో కలిసేవాళ్ళం. ఆ రోజుల్లో మన ఊళ్ళో క్లబ్బు అంటే ఆఫీసర్ల పేకాట. అందుకని ఇంట్లో "మహిళా సంఘం" అనేవాళ్ళం, మాలో మేము మాత్రం దర్జాగా క్లబ్బు అనుకునేవాళ్ళం. నెలకు పది రూపాయల చందా. అందులో మూడు టీకి, మిగిలింది ప్రయాణాలకు. పేర్లు పెట్టి పిలుచుకోవడం తక్కువ. "లెక్కలూ, ఇటు రా", "నర్సమ్మా, ఆ జంతికలు ఇటు పెట్టు", ఇదే వరస. నన్ను "ట్రంక్ కాల్" అనేవాళ్ళు. ఆ రోజుల్లో ఆపరేటరు చేత కలిపించుకుని పొరుగూరికి అరిచి మాట్లాడే ఫోన్ అది. నా గొంతూ పెద్దదని.

ఇక పనికొచ్చే మాటలు. టికెట్లు ముందే తీసుకో. ఆధార్ కార్డులు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండాలి. బంగారం ఇంట్లో వదిలి రమ్మను. డబ్బు లెక్క ఒక పుస్తకంలో రాసి, రోజూ రాత్రి పైకి చదివి వినిపించు. ఇంట్లో అబద్ధం చెప్పి వచ్చేవాళ్ళను తీసుకెళ్ళకు, ఎంత బతిమాలినా సరే. మీ స్టేషను బోర్డు మీద శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది గానీ అది ఉన్నది ఆమదాలవలసలో. నీకు తెలుసు, కానీ మీలో బదిలీ మీద కొత్తగా వచ్చినవాళ్ళుంటే ఊళ్ళోనే స్టేషను ఉందనుకుని తీరిగ్గా బయల్దేరుతారు. అందరినీ ఒక చోట చేర్చి, ఆటోల్లో ఒకే బారుగా తీసుకెళ్ళు.

పూరీకి ముందు ఒక్క రోజు ప్రయాణం చేసి చూడండి. దగ్గర్లోనే, పొద్దున వెళ్ళి రాత్రికి ఇల్లు చేరేది. అరసవల్లిలో దండం పెట్టుకుని, శ్రీకూర్మంలో తాబేళ్ళను చూసి, శాలిహుండం కొండెక్కి వంశధార మీద గాలి పీల్చుకుని, కళింగపట్నంలో సాయంత్రపు సముద్రం చూసి వచ్చేయండి. అది నీకు జట్టును చూపిస్తుంది. ఎవరు ఆలస్యంగా వస్తారో, ఎవరు తన డబ్బా విప్పకుండా పక్కవాళ్ళ పులిహోర తింటారో, ఎవరికి కొండ ఎక్కితే ఆయాసమో అన్నీ ఒక్క రోజులో తెలిసిపోతాయి.

మేము మొదట శ్రీముఖలింగం వెళ్ళాం. మధుకేశ్వరుడి గుళ్ళో గోడల మీది శిల్పాలు చూస్తూ చూస్తూ లెక్కల టీచరు ఒక్కసారిగా కళ్ళు తిరిగి పడిపోయింది. అందరం దేవుడి మహిమ అనుకుని దండం పెట్టబోయాం. నర్సమ్మ మాత్రం మొహం మీద నీళ్ళు కొట్టి, "పొద్దున్నుంచి ఎన్ని గుక్కల నీళ్ళు తాగావు?" అని అడిగింది. ఒక్క గుక్క కూడా లేదు. దారిలో ఆడవాళ్ళకు చోటు దొరకదని ముందు రోజు రాత్రి నుంచే మానేసిందట. తీరా అడిగితే మాలో తొమ్మిది మందిది అదే కథ! నర్సమ్మ ఆ రోజు వంశధార ఒడ్డున కూర్చోబెట్టి తిట్టిన తిట్లు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. ఇప్పుడు పెట్రోలు బంకుల్లో, స్టేషన్లలో కాస్త నయం అంటారు. అయినా ప్రతి మూడు గంటలకు ఒకసారి బండి ఆపించు, మొహమాటం లేకుండా "ఎవరెవరు వెళ్ళాలి?" అని నువ్వే అడుగు. నువ్వు అడిగితే మిగతావాళ్ళకు నోరు వస్తుంది.

ఇప్పుడు పూరీ సంగతి. 1983 డిసెంబరు. శుక్రవారం రాత్రి బండెక్కి, ఖుర్దా రోడ్డులో మారి, శనివారం పొద్దున పూరీలో దిగాం. ఇల్లు వదిలి రాత్రి బయట పడుకోవడం మాలో సగం మందికి అదే మొదలు. సముద్రం చూసి చిన్నపిల్లల్లా అరిచాం. కెరటాలు అక్కడ చాలా గట్టివి అమ్మలూ, వెనక్కి లాగేస్తాయి. వెదురు టోపీ పెట్టుకున్న నులియా ఒకతను, అంటే ఒడ్డున చెయ్యి పట్టుకుని స్నానం చేయించే జాలరి, మమ్మల్ని ఆపి "లోపలికెళ్ళకండి అమ్మా" అని శుద్ధ తెలుగులో అన్నాడు. తెల్లబోయాం. వాళ్ళ పూర్వులు మన తీరం నుంచి వలస వెళ్ళిన జాలరులేనట, పెంటకోట అని అక్కడ వాళ్ళ పేట పేటే ఉంది. అతను ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని మోకాళ్ళ లోతు దాకా తీసుకెళ్ళి స్నానం చేయించాడు. మీరూ నులియా లేకుండా నీళ్ళలో దిగకండి. ఇది సలహా కాదు, ఒట్టు.

ఆ సాయంత్రం గుడికి బయల్దేరుతుంటే టైపిస్టు నా పక్కకు వచ్చి, "ఒక్కసారి ఇంటికి మాట్లాడతాను" అంది. దానికి నాలుగేళ్ళ కొడుకు. అందరిలోకీ చిన్నది, అందరిలోకీ తక్కువ మాట్లాడేది. జట్టులో నాకు ప్రాణం లాంటిది. నా రాత్రి డ్యూటీలకు పెరుగన్నం డబ్బా పంపేది. టెలిగ్రాఫ్ ఆఫీసుకు వెళ్ళి ట్రంక్ కాల్ బుక్ చేశాం. వాళ్ళింట్లో ఫోన్ లేదు, వీధి చివర కిరాణా కొట్టుది పి.పి. నంబరు. కొట్టువాళ్ళు మనిషిని పంపి పిలిపించాలి. బల్ల మీద కూర్చున్నాం. ఇరవై నిమిషాలు, అరగంట. గుళ్ళో హారతి వేళ అయిపోతోందని బయట పన్నెండు మంది గొణుగుతున్నారు.

అప్పుడు నా ఉద్యోగం నా నెత్తికెక్కింది. "ఈ లైను సంగతి నాకు చెబుతావా? ఇక్కడి నుంచి మన ఊరికి నేరుగా లేదు. మధ్యలో ఎక్స్ఛేంజీలు మారి, కొట్టువాడిని లేపి, కబురు వెళ్ళేసరికి రాత్రి పది. శనివారం రద్దీ. రేపు కోణార్క్‌లో మాట్లాడుదువుగాని" అన్నాను. అది "ఇంకొంచెం చూద్దాం అక్కా" అంది. త్వరగా కలిపే అర్జెంటు కాల్‌కు మార్చుకుందామంటే రెట్టింపు చార్జీ. అన్నిటికంటే ముందు కలిపే లైట్నింగ్ అయితే ఎనిమిది రెట్లు. ఆ డబ్బు దాని దగ్గర లేదు. చందా డబ్బు నా సంచిలో ఉంది. ఇద్దామని నాకు తోచలేదు. కౌంటర్ దగ్గరికి వెళ్ళి, దాన్ని అడగకుండానే, నేనే కాల్ రద్దు చేయించాను.

అది లేచి వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నడిచింది. గుళ్ళోని ఆనంద బజారులో అందరం నేల మీద కూర్చుని మహాప్రసాదం తిన్నాం. అదీ తింది. ఎందుకు మాట్లాడాలనుకుందో నేను అడగలేదు, అది చెప్పలేదు. ఆదివారం కోణార్క్‌లో పోస్టాఫీసుకు తాళం. ఆదివారమని ఎక్స్ఛేంజీ మనిషికి గుర్తుండొద్దూ? సోమవారం చిలికాలో పడవ ఎక్కాం. పడవవాడు కాళీజాయి కథ చెప్పాడు. అత్తవారింటికి వెళుతూ పడవ మునిగి పోయిన పెళ్ళికూతురు సరస్సు మధ్యనున్న దీవిలో దేవతై వెలిసిందట. అందరం పక్షులను చూసి పాటలు పాడుకుంటున్నాం, అది ఒక్కతే నీళ్ళను చూస్తూ కూర్చుంది. నేను దగ్గరికి వెళ్ళి "ఎందుకలా మొహం మాడ్చుకున్నావు, అందరి సరదా పాడు చేస్తున్నావు" అన్నాను. ఆ మాట కూడా నాదే.

మంగళవారం తెల్లవారుజామున దిగేసరికి స్టేషనుకు దాని మరిది వచ్చి ఉన్నాడు. బాబు ఆసుపత్రిలో. బయల్దేరే రోజే ఒళ్ళు కాస్త వెచ్చగా ఉందట. జట్టుకు ఇబ్బందని చెప్పకుండా వచ్చింది. శనివారం రాత్రికి జ్వరం ముదిరింది. బాబు బతికాడు, కంగారు పడకు. పది రోజులకు ఇంటికొచ్చాడు.

మర్నాడు డ్యూటీకి వెళితే, శనివారం రాత్రి స్విచ్‌బోర్డు మీద ఉన్న, మా జట్టులో లేని ఇంకో ఆపరేటరు చెప్పింది. ఆ కాల్ కలిసింది. నలభై నిమిషాలకే కలిసింది. ఇక్కడి నుంచి కొట్టుకు రింగిచ్చి, కబురు పంపి, పిల్లవాడి తండ్రి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చి రిసీవరు పట్టుకుని నిలబడ్డాడట. ఈలోగా పూరీ వాళ్ళు "పార్టీ క్యాన్సిల్" అన్నారు. ఆ మాట అతనికి చెప్పింది మా ఆపరేటరే. "ఎవరు క్యాన్సిల్ చేశారు?" అని అతను రెండు సార్లు అడిగాడట.

ఇంట్లోనూ అదే ప్రశ్న అడిగారు. టైపిస్టు ఏం చెప్పిందో తెలుసా? "దర్శనానికి ఆలస్యమవుతుందని నేనే వద్దన్నాను" అని చెప్పింది. నా పేరు ఎత్తలేదు. నా పేరు ఎత్తితే క్లబ్బు మూతపడుతుందని తెలుసు దానికి. నేను వెళ్ళి నిజం చెప్పాలి కదా? వాళ్ళ వీధి మలుపు దాకా రెండు సార్లు వెళ్ళాను. ఆ కిరాణా కొట్టు కనిపించగానే కాళ్ళు వెనక్కి తిరిగేవి. ఏడాది పాటు ప్యూను చేత పది రూపాయల చందా పంపింది, తను రాలేదు. తర్వాత పార్వతీపురం బదిలీ అయింది.

చాలా ఏళ్ళకు ఒక సిరిమానోత్సవం రోజున పైడితల్లమ్మ గుడి దగ్గర జనంలో ఎదురైంది. జుట్టు నెరిసింది. నా రెండు చేతులూ పట్టుకుని, "అక్కా, జట్టు తర్వాత ఎక్కడెక్కడికి వెళ్ళింది?" అని అడిగింది. ఎంత ఆశగా అడిగిందనుకున్నావు! నేను నోరు తెరిచేలోగా సిరిమాను వస్తోందని జనం తోసుకొచ్చారు. దాని చెయ్యి జారిపోయింది. మళ్ళీ కనబడలేదు.

ఇప్పుడు చెబుతున్నాను, విను. జగన్నాథుడి గుళ్ళోకి ఫోన్లు రానివ్వరు, బయట అప్పగించి వెళ్ళాలి. లోపల ఎంతసేపు పడుతుందో ఎవరి చేతుల్లోనూ లేదు. అప్పగించే ముందు ప్రతి ఒక్కరూ ఇంటికి మాట్లాడాలి. "పొద్దున్నే మాట్లాడాం కదండీ" అంటారు, విసుక్కుంటారు. విసుక్కోనీ. పన్నెండో మనిషి మాట్లాడడం అయ్యేదాకా నువ్వు గుమ్మం దాటకు. హారతి అందకపోతే పోనీ, దేవుడు ఏమీ అనుకోడు. బయల్దేరే రోజు స్టేషనులో ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?" అని అడుగు. అందరి ముందు అడిగితే చెప్పరు. మొహమాటస్తురాలిని రెండు సార్లు అడుగు. నెమ్మదిగా ఉండేది ఎవరో నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. దాని మీద ఒక కన్ను వేసి ఉంచు.

అందరి ఇళ్ళ నంబర్లూ కాగితం మీద రాసుకో. ఫోనులో ఉన్నాయిగా అనకు. ఫోన్ నీళ్ళలో పడితే? చిలికాలో పడవ మీద ఫొటోలు తీసుకుంటూ ఎంతమంది పోగొట్టుకుంటారో! కాగితం ఒకటి నీ దగ్గర, ఇంకొకటి మీ అమ్మ దగ్గర. ఉమ్మడి డబ్బులో కొంత విడిగా చీటీ కట్టి పెట్టు, ఎవరైనా మధ్యలో ఇంటికి తిరిగి రావలసి వస్తే ఇవ్వడానికి. తిరిగి వచ్చేదానితో ఇంకొకరు తోడు రావాలి. ఎవరు వస్తారో ముందే అనుకోండి.

చాదస్తం అనుకుంటున్నావు. నీ మొహం నాకు కనబడుతోంది. మూడో తరగతిలో ఒక్కదానివే మా వీధి నుంచి గంటస్తంభం దాకా వెళ్ళి తిరిగొచ్చి, "ఏమీ కాలేదు చూశావా పెద్దమ్మా" అన్నప్పుడు ఇదే మొహం. ఆ రోజు నీ వీపు మీద ఒకటి వేసి, ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి నీకోసం పాకం పట్టాను.

మీ అమ్మతో నేను మాట్లాడతాను. మానుకోమని చెప్పానని, నువ్వు వినలేదని చెబుతాను.

వచ్చేటప్పుడు ఖాజాలు తీసుకురా. పళ్ళు సరిగ్గా లేవు గానీ పాలలో నానేసుకుని తింటాను. మా ఇంట్లో ల్యాండ్‌లైను ఇంకా తీయించలేదు, పలుకుతుంది. నంబరు నీ కాగితంలో అందరికంటే కింద రాసుకో. రాత్రి రెండింటికి మోగినా మొదటి రింగుకే ఎత్తుతాను. ముప్పై ఏళ్ళు నైట్ డ్యూటీ చేసినదాన్ని.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ