జపోటెక్ రగ్గు మీద కాఫీ మరక: నిమ్మరసం వద్దు

మెక్సికోలోని ఓహాకా ట్రిప్‌లో కొన్న ఎర్ర జపోటెక్ (అక్కడి మూలవాసులు నేసే) ఊలు రగ్గు మీద కాఫీ ఒలికిందని, నిమ్మరసమో వంటసోడానో రాసి చూడనా అని అడిగారు. అక్కా, ఆ రెండూ దాని దగ్గరికి రానివ్వకండి.

అక్కడి నేతగాళ్ల ఊరు తెయోతిత్లాన్ దెల్ వాయేలో, నేసినవాళ్ల ఇంట్లోనే కొన్నానన్నారు, సహజ రంగులే అని కూడా చెప్పారు. అలాంటి రగ్గుల్లో ఎరుపు సాధారణంగా కోచినీల్ నుంచి వస్తుంది. అది నాగజెముడు మొక్కల మీద బతికే చిన్న పురుగు. ఎండబెట్టి, నూరి, పటిక సాయంతో ఆ రంగును ఊలుకు పట్టిస్తారు. పులుపు తగిలితే అది నారింజ వైపు, వంటసోడా లాంటి క్షారం తగిలితే ఊదా వైపు తిరుగుతుంది. అద్దకంలో నిమ్మరసం కలిపి ఆ షేడ్లు కావాలనే తెస్తారు, ఎంత గొప్ప పనితనమో! కానీ మీ ఇంట్లో అదే జరిగితే కాఫీ మరక పోయి రంగు మారిన మచ్చ మిగులుతుంది.

ముందు పొడి తెల్ల గుడ్డతో అద్దండి, రుద్దకండి. తర్వాత చల్లటి నీళ్లలో ఊలు బట్టల లిక్విడ్ రెండు చుక్కలు కలపండి, న్యూట్రల్ పీహెచ్ (అంటే పులుపూ కాదు, క్షారమూ కాదు) అని రాసి ఉన్నదే తీసుకోండి. దాన్ని వెనకవైపు ఒక మూలన పరీక్షించి, గుడ్డకు ఎరుపు అంటకపోతేనే మరక మీద అద్దండి. అంటితే అక్కడితో ఆపి, ఊలు తివాచీలు శుభ్రం చేసేవాళ్లకు ఇవ్వండి. వాషింగ్ మెషిన్, వేడి నీళ్లు వద్దే వద్దు, ఊలు కుంచించుకుపోతుంది. నీడలో పరిచి ఆరబెట్టండి.