పీపీఎఫ్ వేయించాలా, రంగు ర్యాప్ వేయించాలా?

ప్రశ్న: కొత్తగా తెల్ల కారు కొన్నాం. నెలకు రెండు మూడుసార్లు హైదరాబాద్ నుంచి విజయవాడ వెళ్లొస్తాను. షోరూమ్‌లో పీపీఎఫ్ (పెయింట్‌ను కాపాడే పారదర్శక ఫిల్మ్) వేయించమంటున్నారు, మా అబ్బాయేమో మ్యాట్ నలుపు ర్యాప్ (కారంతా అతికించే, మెరుపులేని నల్ల రంగు ఫిల్మ్) అంటాడు. ఏది మేలు?
– ఒక పాఠకుడు, ఎల్బీ నగర్

జవాబు: హైవే మీద అన్నిసార్లు తిరిగే కారుకు నేనైతే పీపీఎఫే అంటానండీ. అది పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పొర, మందం సుమారు 150 నుంచి 200 మైక్రాన్లు, ముందు పోయే లారీ టైరు కింద నుంచి ఎగిరొచ్చే గులకరాయి దెబ్బను పెయింట్ దాకా పోనీయకుండా చాలావరకు తనే కాచుకుంటుంది, పైగా సన్న గీతలైతే ఎండ వేడికే మాయమవుతాయి (లోతుగా తెగితే మాత్రం పోవు). ర్యాప్ అయితే వినైల్ అనే మరో రకం ప్లాస్టిక్, మందం దాదాపు అందులో సగమే. అందానికి బాగుంటుంది, రాయిని ఆపలేదు.

ఖర్చు భారమనిపిస్తే బానెట్, ముందు బంపర్, సైడ్ మిర్రర్ల వెనక భాగం వరకే వేయించండి, దెబ్బలు ఎక్కువ పడేది అక్కడే.

మీ అబ్బాయికి ఇంకో మాట కూడా చెప్పండి: తెల్ల కారు నల్లగా మారితే ఆర్సీలో రంగు మార్పించాలి, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగేది తను కాదు కదా, మీరు! అన్నట్టు, ఫిల్మ్ ముక్కల్ని కారు మీదే బ్లేడుతో కోస్తారా, కొలతలకు ముందే కోసి తెస్తారా అని షాపులో అడగండి. చెయ్యి జారితే గీత పడేది మీ కొత్త పెయింట్ మీదే.