స్పీడు సంగతి అడిగినవ్ గదా బిడ్డా

చిన్న బిడ్డకు పెద్దబాపు ఆశీస్సులు.

నువ్వు పంపిన గిటార్ రికార్డింగు విన్న. వేళ్లు మంచిగ ఉరుకుతున్నయ్, కాదనను. కానీ వెనుక ట్రాకుల ఏ కార్డ్ (ఒక్కసారే మోగే స్వరాల గుంపు) నడుస్తున్నదో చూడకుంట స్కేలును కిందికీ మీదికీ గుంజుకుంట పోయినవ్. ఆ మీద “ఇంకా స్పీడు ఎట్ల పెంచాలె, ఎన్ఐటీ వరంగల్ పండుగ స్ప్రింగ్ స్ప్రీల వాయించాలె” అని రాసినవ్. చెప్త. కానీ నా వరుసల చెప్త, నడుమ ఎగిరి దుంకకు.

ముందు తాళం. బ్లూస్ అంటే అమెరికా నల్లజాతోళ్ల పాట తీరు, దాని షఫుల్ నడక మన తిశ్ర నడకనే. ఒక్కో దెబ్బకు “తకిట” అనుకో, నడిమి “కి”ని మింగెయ్. కాలు దెబ్బలేస్తుంటే ముందుగాల నోటితోని అను, గిటార్ ముట్టకు. తర్వాత మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) నిమిషానికి 60 దెబ్బల మీద పెట్టి దెబ్బకు మూడు స్వరాలు వాయించు. అవి సమంగ పడ్డంక అదే 60 మీద దెబ్బకు ఆరు. అంటే సెకనుకు ఆరు స్వరాలు, వినేటోళ్లకు అదే మస్తు స్పీడు. యాపుల 180 పెట్టుకొని గింజుకునుడు బందు చెయ్యి.

ఇగ స్కేలు. చిన్నప్పుడు హన్మకొండల సంగీతం క్లాసుకు పోయేటప్పుడు శుద్ధ ధన్యాసి నేర్చుకున్నవ్ గదా? స గ మ ప ని. ‘ఏ’ (A) స్వరాన్ని షడ్జం అనుకుంటే నువ్వు 5వ ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డగీత) కాడ వాయించే మైనర్ పెంటాటానిక్ (ఐదు స్వరాల స్కేలు) స్థానాలు అవే. నడిపే తీరే వేరు. బ్లూస్‌ల గాంధారం ఒక్క కాడ నిలువది. సాధారణ గాంధారానికీ (కిందిది) అంతర గాంధారానికీ (మీదిది) నడుమ దాన్ని జర మీదికి నూకుతరు. మూడో తీగ (అన్నిటికంటే సన్నది ఒకటోది) 5వ ఫ్రెట్ పట్టి కొంచెమంటే కొంచెం వంచి చూడు, పాత బ్లూస్ వాసన తగుల్తది. అక్కడి నుంచే 6వ ఫ్రెట్ మీదికి హ్యామర్ చేస్తే (మళ్ల మీటకుంట వేలితోనే కొడితే) ఏ సెవెన్ (A7) కార్డ్ మీద సరిగ్గ కూసుంటది. బ్లూ నోట్ అని అందరు చెప్పేది ప్రతి మధ్యమం, అంటే శుద్ధ మధ్యమానికీ పంచమానికీ నడిమి స్వరం. మధ్యమం నుంచి పంచమానికి పోయేటప్పుడు దాన్ని తాకి పోవాలె, దాని మీద కాపురం పెట్టొద్దు.

నీ రికార్డింగుల నన్ను ఎక్కువ బాధ పెట్టింది బెండ్, అంటే తీగను వంచి శ్రుతి పెంచుడు. మూడో తీగ 7వ ఫ్రెట్ వంచినప్పుడల్ల శ్రుతి తక్కువైతున్నది. అది పంచమం దాక పోవాలె. పోయిందో లేదో తెల్సుకునేటందుకు పక్కనే కొలమానం ఉన్నది: రెండో తీగ 5వ ఫ్రెట్. ముందు దాన్ని మోగించు, చెవుల పెట్టుకో, తర్వాత మూడో తీగ వంచి రెండూ ఒక్కటయ్యేదాక నూకు. ఒక్క వేలితోని కాదు. ఉంగరం వేలు పట్టుకుంటే దాని ఎనుక నడిమి వేలు, చూపుడు వేలు కూడా నూకాలె, మణికట్టు తిరగాలె. అమెరికా బ్లూస్ గిటారిస్టు బీబీ కింగ్‌ను విను. 1925ల పుట్టిండు, 2015ల పోయిండు, ఆ నడుమ ఒక్క స్వరాన్ని వణికిచ్చుడుతోనే లోకాన్ని కూసోబెట్టిండు. ఇంకో బ్లూస్ గిటారిస్టు ఆల్బర్ట్ కింగ్ ఎడమ చేతి వాటం మనిషి, గిటార్‌ను తిరగేసి పట్టి సన్న తీగల్ని కిందికి గుంజేటోడు. స్పీడు కావాలంటే 1969 వుడ్‌స్టాక్ సంగీత మేళాల వాయించిన ఆల్విన్ లీ ఉన్నడు. కానీ ఆయన కాడికి బీబీ కింగ్ ఇంటి ముందట నుంచే పోవాలె, నా మాట గంతే.

ఇప్పుడు నువ్వు అడిగిన స్పీడు. పెంటాటానిక్‌ల తీగకు రెండే స్వరాలు. అందుకే రెండు దెబ్బలకోసారి పిక్ (తీగ మీటే బిళ్ల) తీగ మారాలె, నీ చెయ్యి తడబడుతున్నది అక్కడనే. ప్రతి తీగనూ కింది దెబ్బతోని మొదలువెట్టు, మీది దెబ్బతోని ముగించు. పిక్‌ను జర నేల దిక్కు వాల్చి పట్టుకో. అప్పుడు మీది దెబ్బకు మొన తీగల నడుమ ఇరుక్కోకుంట బయటికొస్తది, పక్క తీగ మీదికి తేలికగ దాటుతది. 1 మిల్లీమీటరు మందం పిక్ కొనుక్కో, మెత్తటిది స్పీడుకు పనికిరాదు. మొన కొంచెమే బయట ఉంచు. ఎడమ చేతి వేళ్లు కూడా తీగకు దగ్గరనే ఉండాలె, నీవి మిడతల లెక్క లేస్తున్నయ్.

అన్నీ పిక్‌తోనే కొట్టాల్నని కూడా లేదు. ఒకటో తీగ మీద 8 నుంచి 5కు పుల్ ఆఫ్ (మళ్ల మీటకుంట వేలు గుంజి మోగించుడు), రెండో తీగ మీద అట్లనే. సగం దెబ్బలు మిగుల్తయ్. మూడో తీగ 7 బెండ్, రెండో తీగ 5, ఒకటో తీగ 5, ఈ మూడిటినీ తకిట లెక్క తిప్పు. ఆ రెండు 5లకు చూపుడు వేలు ఒక్కటే అడ్డంగ పండుకోవాలె. ఈ ఒక్క ముక్క సాఫుగ వస్తే సగం పని అయినట్టే.

యాంప్‌ల డిస్టార్షన్ (గరగర మోత) తీసెయ్. అది తప్పుల్ని కప్పుతది. వేళ్ల కొనలు మండితే ఏం కాదు, నాలుగు రోజులకు కాయలు కడ్తయ్. మణికట్టు నొస్తే మాత్రం ఆ పూటకు గిటార్ పక్కన పెట్టు, మొండితనం చెయ్యకు. 9 నంబరు సన్న తీగల సెట్టు వేసుకో. బ్లూస్ గిటారిస్టు స్టీవీ రే వాన్ 13 నంబరు మందం తీగలు వేసిండని నువ్వు వెయ్యకు. ఆయన కూడా అర మెట్టు శ్రుతి దించే వాయించిండు. వానాకాలం తీగలు తుప్పు పడ్తయ్, వాయించినంక బట్టతోని తుడువు.

ట్రాకుతోని ఒక్కదానివే ఎన్ని రోజులు కొట్లాడ్తవ్? కాజీపేటల, ఫాతిమానగర్‌ల చర్చి క్వయర్ల గిటార్ వాయించే పిలగాండ్లున్నరు. ఎవరినన్న కూసోబెట్టి పన్నెండు బార్లు (బారంటే నాలుగు దెబ్బల ఆవర్తం) రాసియ్: ఏ సెవెన్ నాలుగు, డీ సెవెన్ రెండు, ఏ సెవెన్ రెండు, ఈ సెవెన్ ఒకటి, డీ సెవెన్ ఒకటి, ఏ సెవెన్ రెండు. పది నిమిషాల్ల పట్టుకుంటరు. నువ్వు రెండు బార్లు పలుకు, రెండు బార్లు ఊకుండు. ఊకుండుడే నీకు కష్టం, నాకు తెల్సు. స్పీడు ముక్కను తొమ్మిదో బారుకు దాచిపెట్టు, పదకొండో బారు మొదటి దెబ్బకు నాలుగో తీగ 7వ ఫ్రెట్ మీద, అంటే షడ్జం మీద దిగు.

రాసింది చాలు. వచ్చే వారం గిట్లనే పన్నెండు బార్లు రెండు చుట్లు పంపు. మొదటి చుట్టుల ఒక్క స్పీడు ముక్క కూడా ఉండొద్దు. రెండో దాంట్ల ఒక్కటే. డిస్టార్షన్ పెడ్తే విననని ముందే చెప్తున్న. మీ అమ్మను అడిగినట్టు చెప్పు.

ఇట్లు,
పెద్దబాపు,
కాజీపేట