ఐఐఎం ఇంటర్వ్యూకు నెల రోజుల్లో ఎలా సిద్ధం కావాలి?

విజయవాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివి, రెండేళ్లుగా నిర్మాణ రంగంలో పనిచేస్తున్న మీకు ఐఐఎంల ప్రవేశ పరీక్ష క్యాట్ తర్వాత ఇంటర్వ్యూ పిలుపు వచ్చిందని, పదో తరగతి వరకు తెలుగు మాధ్యమం కావడంతో ఇంగ్లీషులో తడబడతానేమోనని భయంగా ఉందని రాశారు. నేను గుంటూరువాడిని. తెలుగు మాధ్యమంలోనే చదివాను. 2022లో ఇంటర్వ్యూ దాకా వెళ్లి సీటు పోగొట్టుకున్నాను, 2023లో సాధించుకున్నాను. ఆ ఏడాదిలో నా ఇంగ్లీషు పెద్దగా మెరుగుపడలేదు కనుక మీ భయం గురించి కొంత ధైర్యంగానే చెప్పగలను.

మొదటిసారి ఎంబీఏ ఎందుకు, మీ గురించి చెప్పండి, మీ బలహీనతలేమిటి వంటి ముప్పై ప్రశ్నలకు జవాబులు రాసుకుని కంఠస్థం చేశాను. దరఖాస్తులో మాత్రం, మా నాన్నగారికి గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు ఉందని ఒక వాక్యం రాసి, దాని సంగతి మరచిపోయాను. ఆన్‌లైన్‌లో జరిగిన ఆ ఇంటర్వ్యూలో ప్రొఫెసర్ గారు ఆ ఒక్క వాక్యాన్నే పట్టుకున్నారు. మిర్చిలో తేజ రకానికీ 334 రకానికీ ధరలో తేడా ఎందుకు వస్తుంది, రైతుకు ముందుగా డబ్బు ఎవరిస్తారు, కొన్నవారు చెల్లింపు ఆలస్యం చేస్తే ఆ భారం ఎవరిమీద పడుతుంది అని వరుసగా అడిగారు. ఆ కొట్టు సంపాదనతోనే చదువుకున్న నేను మూడింటిలో ఒక్కదానికీ సరిగా జవాబు చెప్పలేకపోయాను.

మరుసటి జనవరిలో కొత్త కాయ రావడం మొదలైనప్పటి నుంచి రోజూ పొద్దున్నే నాన్నగారి వెంట యార్డుకు వెళ్లాను. ఆయన టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, గుప్పెడు కాయలు తీసి, ఒకటి విరిచి తేమ చూసి, తాలు (రంగు పోయిన నాసి కాయ) ఎంత ఉందో అరచేతిలోనే అంచనా వేసి, ఆ లాటు ఏ ధర పలుకుతుందో కొనేవారు రాకముందే నాకు చెప్పేవారు. తేజకు ఘాటు ఎక్కువ కనుక ఎగుమతిదారులు ఎందుకు పోటీపడతారో, ఏసీలో (శీతల గిడ్డంగిలో) పెట్టిన సరుకు మీద అప్పు ఎలా తీసుకుంటారో అక్కడే తెలుసుకున్నాను. 2023 ఇంటర్వ్యూలో, రిజర్వు బ్యాంకు రెపో రేటును (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీని) 2022 మే నుంచి 4 శాతం నుంచి 6.5 శాతానికి పెంచింది కదా, దానివల్ల మీ నాన్నగారి వ్యాపారానికి ఏమవుతుందని అడిగారు. సరుకు నిల్వ ఉంచి దానిమీద అప్పు తెచ్చుకున్నవారికి వడ్డీ భారం పెరుగుతుందని, ధర అంతకు మించి పెరుగుతుందన్న నమ్మకం లేకపోతే వారు ముందుగానే అమ్ముకుంటారని, అలా చాలామంది అమ్మితే సీజన్‌లోనే ధర తగ్గవచ్చని, అయితే పంట తక్కువగా ఉన్న ఏడాది ఈ లెక్క మారుతుందని చెప్పాను. నా వ్యాకరణ తప్పులు రెండు నాకే వినిపించాయి. వాటికోసం ఎవరూ నన్ను ఆపలేదు.

కాబట్టి ఈ నెలలో ఎక్కువ సమయం మీ దరఖాస్తుకే కేటాయించండి. దాన్ని ప్రింటు తీసి, ప్రతి వాక్యం కింద ఎందుకు, ఎలా, ఎంత అని అడుగుతూ కనీసం మూడు మెట్లు లోపలికి వెళ్లండి. సైటులో నాణ్యత చూశానని రాశారనుకుందాం. కాంక్రీటు దిమ్మను 28 రోజులకు నొక్కి చూసే క్యూబ్ పరీక్షలో బలం తక్కువ వస్తే నిర్ణయం ఎవరిది, ఆగిన పనికి ఖర్చు ఎవరు భరిస్తారు అన్నవి తప్పక రాగల ప్రశ్నలు. విజయవాడ అనగానే ప్రకాశం బ్యారేజీ గురించి అడగవచ్చు. 1855లో పూర్తయిన పాత ఆనకట్ట 1952లో తెగిపోయాక, 1957లో బ్యారేజీ పూర్తయిందని చెబితే చాలదు. జలాశయంలా నీటిని భారీగా నిల్వచేయడం దాని పని కాదని, మట్టం పెంచి కాలువలకు మళ్లించడమే ప్రధానోద్దేశమని సివిల్ ఇంజనీరు వివరించగలగాలి.

ఇంగ్లీషు విషయానికి వస్తే, చిన్న వాక్యాలు మాట్లాడండి. నేను గుంటూరు బ్రాడీపేటలోని మిత్రుడి గదిలో రోజూ అరగంట మాట్లాడి ఫోనులో రికార్డు చేసుకునేవాడిని. మొదటి రోజు ఐదు నిమిషాల్లో పదకొండుసార్లు 'ఆక్చువల్లీ' అన్నానని విన్నాకే తెలిసింది. ఆ మాట మానేశాక ఆలోచించుకోవడానికి కాస్త వ్యవధి దొరికింది. మాక్ (నమూనా) ఇంటర్వ్యూలు మూడు నాలుగు చాలు, కానీ మీ గురించి ఏమీ తెలియని వ్యక్తితో చేయించుకోండి. వార్తలకు రోజూ ఒక పత్రిక, వ్యాస పరీక్ష ఉంటే వారానికి రెండు వ్యాసాలు సరిపోతాయి. ఏ సంస్థ దేనికి ఎంత వెయిటేజీ ఇస్తుందో వారి ప్రవేశ విధాన పత్రంలోనే చూసుకోండి.

నేరుగా హాజరు కావలసి ఉంటే ముందురోజే ఆ ఊరు చేరుకోండి. ఉద్యోగ అనుభవ ధ్రువపత్రం కోసం మాత్రం ఈరోజే మీ ఆఫీసులో అడగండి. నాకు అది చేతికి రావడానికి పన్నెండు రోజులు పట్టింది.