ఫోనుతో మూడు నిమిషాల థ్రిల్లర్ సన్నివేశం తీయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: డిగ్రీలో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్న ఐదుగురు కలిసి మూడు నిమిషాల లోపు థ్రిల్లర్ సన్నివేశం ఒకటి తీసి ఇవ్వాలి. చేతిలో ఉన్నవి ఫోన్లు, ఒక స్టాండు. బస్టాండులో మొదలై, బైకుల మీద వెంటాడుకుంటూ, పాడుబడిన గోడౌన్‌లో తుపాకీ కాల్పులతో ముగిసే కథ ఒకటి అనుకున్నారు.

మొహమాటం లేకుండా చెబుతాను, ముందు ఆ కథను పక్కన పెట్టండి. బస్టాండులో జనమంతా కెమెరా వంకే చూస్తారు. బైకుల కోసం రోడ్డు ఆపించే స్తోమత మీకు లేదు. గోడౌన్‌లో కరెంటు ఉండదు. ఇవన్నీ దాటుకుని తీసినా చూసేవాళ్ళకు కలిగేది భయం కాదు, ‘పాపం, పిల్లలు బాగా కష్టపడ్డారు’ అన్న జాలి.

విజయవాడలో పీజీ చదివేటప్పుడు మా బృందానికీ ఇదే పని ఇచ్చారు. మేము ఎంచుకున్నది ఒక అపార్ట్‌మెంట్, ఒక అమ్మాయి, ఆమె వెనక వచ్చే చెప్పుల చప్పుడు. అంతే. ఆమె సెల్లార్‌లో స్కూటీ పెడుతుంది, లిఫ్ట్ పనిచేయదు, మెట్లెక్కి మూడో అంతస్తులోని తన ఇంటికి వెళ్ళాలి. వెనక ఎవరో వస్తున్నారు. ఆమె వేగంగా ఎక్కుతుంది, తలుపు దగ్గరికి చేరుతుంది, చూస్తే తాళం పగిలి కింద పడి ఉంటుంది. మేము రాసుకున్న స్క్రిప్టులో ఆ తాళం చివరి షాట్.

ఎడిటింగ్ చేస్తున్న అమ్మాయి దాన్ని తెచ్చి మొట్టమొదట పెట్టింది. ముందు పగిలిన తాళం, తరువాతే సెల్లార్. కొత్తగా ఒక్క షాట్ కూడా తీయలేదు గాని సన్నివేశం పూర్తిగా మారిపోయింది. ఇప్పుడు ఆ అమ్మాయి వెనక చప్పుడుకు భయపడి ఇంటి వైపే పరుగెడుతోంది, అసలు ప్రమాదం ఇంట్లోనే ఉందని చూసేవాళ్ళకు మాత్రం తెలుసు. క్లాసులో వేసినప్పుడు ఎవరో ‘పైకి వెళ్ళకు’ అని పైకే అనేశారు. తాళం చివర్లో ఉంటే ప్రేక్షకుడు ఉలిక్కిపడేది ఒక్క క్షణం. మొదట్లో ఉంటే మూడు అంతస్తులూ ఆమెతో కలిసి ఎక్కుతాడు. మీ కథ ఏదైనా సరే, రాసేటప్పుడు ప్రతి షాట్ పక్కన ఇది ప్రేక్షకుడికి తెలుసా, పాత్రకు తెలుసా అని రెండు గడులు గీసుకోండి. రెండు గడుల్లోనూ ఒకే జవాబు వస్తూ ఉంటే అది థ్రిల్లర్ కాదు, సమాచారం.

నటన గురించి బెంగ పెట్టుకోకండి. మీలో నటన వచ్చినవాళ్ళు లేకపోతే ఒకరకంగా మేలే. సుమారు నూరేళ్ళ క్రితం రష్యాలో లెవ్ కులెషోవ్ అనే దర్శకుడు ఒక నటుడి ముఖంలో ఏ భావమూ లేని ఒకే షాట్‌ను ఒకసారి సూప్ గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికి చూపిస్తే, ప్రేక్షకులు ఆ ముఖంలో ఆకలినీ దుఃఖాన్నీ చూశారని చెబుతారు. మా సన్నివేశంలో నటించిన అమ్మాయికి ‘భయపడు’ అంటే కళ్ళు పెద్దవి చేసి సీరియల్లో అత్తగారిలా చూసేది. ‘ఏమీ చేయకు, మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కు’ అన్నాక బాగా కుదిరింది.

వెంటాడే మనిషినీ, పారిపోయే మనిషినీ ఒకే ఫ్రేములో చూపించాల్సిన అవసరం లేదు. చూపించకపోతే సగం కష్టం తగ్గుతుంది, ఇద్దరూ ఒకే రోజు రావాల్సిన పని కూడా ఉండదు. కాకపోతే దిశ తప్పకూడదు. ఆమె తెర మీద ఎడమ నుంచి కుడికి వెళుతుంటే అతనూ ఎడమ నుంచి కుడికే వెళ్ళాలి. అతను కుడి నుంచి ఎడమకు నడిస్తే ఎదురెదురుగా వస్తున్నట్టు ఉంటుంది. మెట్ల మీద ప్రతి మలుపులోనూ దిశ తిరగబడుతుంది కాబట్టి ఇది ఇంకా ఇబ్బంది. మేము ఆమె నడిచే దారి వెంట సుద్దముక్కతో నేల మీద గీత గీసి, కెమెరా దానికి ఒకే వైపున ఉండేలా చూసుకున్నాం. దిశ మార్చక తప్పనిచోట మధ్యలో పాదాలదో, రెయిలింగ్ మీద చేతిదో క్లోజప్ వేస్తే కన్ను సర్దుకుంటుంది.

రాత్రి సన్నివేశం గురించి. మా బృందంలో అమ్మాయిలు చీకటి పడకముందే హాస్టల్‌కు చేరాలి, కాబట్టి రాత్రి షూటింగ్ మాటే లేదు. ఆ నిబంధన మాకు ఉపకారమే చేసింది. ఫోనును నిజంగా చీకట్లో వాడితే బొమ్మ నిండా మచ్చలు పడతాయి. సెల్లార్ పగలు కూడా చీకటిగానే ఉంటుంది. మెట్ల కిటికీలకు నల్ల చార్టులు అతికించి, ఒక ఎమర్జెన్సీ లైటుకు బటర్ పేపర్ చుట్టి పక్క నుంచి వేశాం. వెలుతురు సరిపడా ఉండనిచ్చి, ఎక్స్‌పోజర్ (కెమెరా లోపలికి తీసుకునే వెలుతురు) కాస్త తగ్గించి, మిగతా చీకటిని ఎడిటింగ్‌లో తెచ్చుకోవాలి. ముఖానికి ఎదురుగా మాత్రం లైటు పెట్టకండి, పాస్‌పోర్టు ఫోటోలా ఉంటుంది.

మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్, అంటే సెకనుకు 50 చుట్లు, ఒక్కో చుట్టులో వెలుతురు రెండుసార్లు తగ్గుతుంది. అందుకని ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుమంటాయి. మన కంటికి తెలియదు గాని, ఫోను షట్టర్ వేగాన్ని (ఒక్కో ఫ్రేము ఎంతసేపు వెలుతురు తీసుకోవాలో) తనకు తోచినట్టు పెట్టుకుంటే తెర మీద నల్లటి చారలు పాకుతాయి. కెమెరాలో సెట్టింగులు మనమే పెట్టుకునే ప్రో మోడ్‌లోకి వెళ్ళి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టండి. మీ ఫోనులో 25 లేకపోతే 30 ఫ్రేములు ఉంచి, షట్టర్ మాత్రం 1/50 గానీ 1/100 గానీ పెట్టి చూడండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ రెండూ లాక్ చేయండి. లేకపోతే పాత్ర కాస్త కదలగానే వెలుతురు దానంతట అదే పెరిగి తగ్గుతుంది.

ఇక అసలు సంగతి శబ్దం. చాలా బృందాలు దీన్ని చివరి రోజుకు వదిలేస్తాయి, నా లెక్కలో మాత్రం మీ సమయంలో మూడో వంతు దీనికే పోవాలి. ఫోను మైకు దేన్నీ వదలదు. సీలింగ్ ఫ్యాను, ఫ్రిజ్ మోటారు, పక్కింటి కుక్కర్ కూత, గుడి మైకు అన్నీ దానికి సమానమే. షూటింగ్‌లో వచ్చిన శబ్దాన్ని గుర్తు కోసం మాత్రమే ఉంచుకుని, సన్నివేశంలో వినిపించే చప్పుళ్ళన్నీ మేము విడిగా రికార్డు చేసుకున్నాం. వెంటాడేవాడికి కిర్రు చెప్పులు తొడిగాం. మా బృందంలో ఒకరి తాతగారివి, ఊరి నుంచి తెప్పించాం. ఆ కిర్రుమనే శబ్దం ఒక్కసారి వినిపిస్తే చాలు, ఇక మనిషిని చూపించనక్కర్లేదు. మధ్యాహ్నం అపార్ట్‌మెంట్ నిద్రపోయే వేళ మెట్ల మీద నడుస్తూ, రెండో ఫోనును పాదాలకు దగ్గరగా పట్టుకుని రికార్డు చేశాం. ఎడిటింగ్‌లో ఒక చిన్న పని చేశాం. ఆమె ఆగిన ప్రతిసారీ ఆ చెప్పుల చప్పుడు కూడా ఆగుతుంది, కానీ ఒక్క అడుగు ఆలస్యంగా. మొత్తం సన్నివేశంలో బాగా పండింది ఆ ఒక్క అడుగే.

ప్రతి చోటా ఎవరూ కదలకుండా, మాట్లాడకుండా అర నిమిషం పాటు ఖాళీ శబ్దాన్ని రికార్డు చేసి ఉంచుకోండి. ముక్కలు అతికినచోట శబ్దం తెగకుండా దాన్ని కింద పరుస్తారు. శబ్దం వేరే ఫోనులో రికార్డు చేస్తుంటే షాట్ మొదట్లో కెమెరాకు కనబడేలా ఒక చప్పట కొట్టండి, కలపడానికి అదే ఆనవాలు. ఇంకో చిక్కు: చాలా ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేముల వేగాన్ని కాస్త మార్చుకుంటూ ఉంటాయి. దానివల్ల ఎడిటింగ్‌లో శబ్దం మెల్లగా జారిపోతుంది. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో క్లిప్పులను స్థిరమైన ఫ్రేమ్ రేటుకు మార్చుకున్నాకే ఎడిటింగ్ మొదలుపెట్టండి. ఎడిటింగ్‌కు డావించీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ సరిపోతుంది గాని పాత ల్యాప్‌టాప్ దాన్ని మోయలేదు, ముందే తెరిచి చూసుకోండి.

సంగీతం అన్నిటికంటే చివర్లో. మొదట సంగీతం పరిచేస్తే ఎడిటింగ్‌లోని లోపాలు దాని కింద దాక్కుంటాయి. సినిమాల నేపథ్య సంగీతం వాడితే యూట్యూబ్‌లో పెట్టగానే కాపీరైట్ అభ్యంతరం వస్తుంది, వాళ్ళ ఆడియో లైబ్రరీలోనే ఉచితంగా దొరికేది తీసుకోండి. ఎంత తక్కువ వాడితే అంత మంచిది.

రక్తం ఎలా తయారు చేయాలని కూడా అడిగారు. బీట్‌రూట్ రసం కెమెరాలో గులాబీ రంగుగా కనిపిస్తుంది. చిక్కటి పంచదార పాకంలో ఎర్రటి ఫుడ్ కలర్, చిటికెడు కాఫీ పొడి కలిపితే నమ్మేలా ఉంటుంది. బట్టల మీద మరక పోదు కాబట్టి ఆ షాట్ చివర్లో పెట్టుకోండి.

బొమ్మ తుపాకీ, కత్తి మాత్రం నాలుగు గోడల మధ్యే. రోడ్డు మీద ఎవరైనా చూసి 112కి ఫోన్ చేస్తే తప్పు వాళ్ళది కాదు. మేము కత్తి కూడా వాడలేదు, అయినా అసోసియేషన్ సెక్రటరీకీ వాచ్‌మన్‌కూ ముందే చెప్పి, లిఫ్ట్ దగ్గర కాగితం అతికించాం. అలా చెప్పడం వల్ల రెండో అంతస్తులోని ఒక పెద్దావిడ అందరికీ టీ కూడా పంపారు.

వీలైతే ఒక నటుడి షాట్లన్నీ ఒకే రోజు ముగించండి. మా వెంటాడే మనిషి సగం షూటింగ్ అయ్యాక మొక్కు తీర్చుకుని గుండుతో తిరిగొచ్చాడు. అతని ముఖం ఎక్కడా చూపించకపోవడం వల్ల బతికిపోయాం, నీడ కనబడే షాట్లకు మాత్రం టోపీ పెట్టాల్సి వచ్చింది. కొబ్బరికాయ కొట్టిన రోజే గుమ్మడికాయ కూడా కొట్టగలిగేంత చిన్న కథ ఎంచుకోమనేది అందుకే. ఎవరు ఏ పని చేశారో ఏ రోజుకారోజు ఒక నోట్సులో రాసి ఉంచండి. మార్కులు విడివిడిగా వేసేటప్పుడు, వైవాలో అడిగినప్పుడు అది పనికొస్తుంది.

ఇచ్చేముందు క్లాసులోని ప్రొజెక్టర్ మీద ఒకసారి వేసి చూడండి. ఫోనులో అందంగా కనిపించే చీకటి, పగలు కిటికీలు తెరిచి ఉన్న గదిలో తెర మీద ఒట్టి నలుపైపోతుంది. అలా అయితే ముఖాల మీద వెలుతురు కొంచెం పెంచి మరో కాపీ తీసుకోండి, ప్రదర్శనకు ఆ కాపీ, యూట్యూబ్‌కు పాతది.